మధ్యాహ్నం రెండు గంటల సీరియల్

మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన ప్రతి కోడలికీ ముందుగా ఒక సంగతి చెప్పేవారు. జాకెట్లు కుట్టే ఆవిడ పెంచుతున్న పిల్ల ఆవిడ కడుపున పుట్టింది కాదు, సినిమా హీరోయిన్ అయిన చెల్లెలి కూతురు. పిల్లకి తెలియదు, నోరు జారకూడదు. పదిహేనేళ్ళు ఎవరూ జారలేదు. పక్కింట్లో ఏ కూర ఉడుకుతోందో పసిగట్టే మా వీధికి అది చిన్న విషయం కాదు. మాకున్న మంచితనమంతా దానికే ఖర్చయిపోయిందేమో.

నేను పదో తరగతిలోకి వచ్చిన వేసవిలో టీవీలో ఒక సీరియల్ మొదలైంది. ఒక హీరోయిన్, పెళ్ళయిన నిర్మాత, పత్రికలకెక్కిన రచ్చ, రహస్యంగా కన్న బిడ్డ. పాత్రలన్నీ కల్పితమని ముందు అక్షరాలు పడేవి. మా హాల్లో చేరి చింతపండులో గింజలు తీసే ఆడవాళ్ళు అవి చదివి నవ్వుకునేవారు.

కుట్టే ఆవిడ ఒక్కసారే వచ్చింది, గుమ్మం దాకా.

"రెండింటికి మా పిల్లని ఇటు రానివ్వకండి వదినగారూ. మీకు దణ్ణం పెడతాను."

"అంత మాటెందుకండి. మా పిల్లలాంటిది కాదా," అంది మా అమ్మ.

ఆ పిల్లా నేనూ ఒకే క్లాసు. లెక్కల్లో ఎప్పుడూ నాకంటే ముందుండేది. పైగా, "నీకు రాకపోతే చెబుతాలే" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. బిడ్డను అక్కకి అప్పగించే భాగం రేపేనని ఒకరోజు సీరియల్ చివర్లో చూపించారు. మర్నాడు కుట్టే ఆవిడ దారాలు కొనడానికి రావులపాలెం వెళ్ళడం చూసి, నేనే వెళ్ళి ఆ పిల్లని పిలిచాను. తెలియక చేశానని ఇప్పటికీ చెప్పుకోలేను.

అమ్మ నావైపు కళ్ళెర్రజేసింది గానీ టీవీ కట్టెయ్యలేదు. ఆ రోజు భాగం వదులుకోవడానికి ఒక్కరికీ మనసొప్పలేదు. పైగా జరిగి, పిల్లకి ముందు వరుసలో చోటిచ్చారు.

టీవీలో హీరోయిన్ పసిబిడ్డను అక్క ఒడిలో పెట్టింది. అక్క పక్కన కుట్టుమిషను కూడా పెట్టారు, దిక్కుమాలినవాళ్ళు.

"ఆ ఏడుపేంటండి, గ్లిజరిన్ ఎక్కువైనట్టుంది," అంది ఆ పిల్ల నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ నోరు జారలేదు కూడా. హాల్లో ఉన్నవాళ్ళందరం ఒక్కసారే తిరిగి ఆమె ముఖంలోకి చూశాం.

ఆమె మళ్ళీ టీవీలోని కుట్టుమిషను వైపు చూసింది. తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. నన్ను చివర చూసింది. నేను నవ్వుతున్నాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆమె లేచి, పావడా దులుపుకుని వెళ్ళిపోయింది. మేం మిగతా భాగం చూశాం.

మర్నాడు పొద్దున్న వీధి కొళాయి దగ్గర అందరం ఉన్నాం. ఆ పిల్ల బిందె పట్టుకుని, ఇంటి వైపు తిరిగి కేకేసింది.

"పెద్దమ్మా, బిందె నిండింది. వచ్చి చెయ్యి వెయ్యి."

కుట్టే ఆవిడ గుమ్మంలోనే ఉంది. పుట్టిన దగ్గర్నుంచి అమ్మా అని పిలిచిన గొంతు అది. ఆవిడ ఆ పిల్లని చూసింది, మమ్మల్ని చూసింది.

"వస్తున్నానే," అని పలికింది.