మంత్రసాని సాక్ష్యం

కనకమామిడి మంత్రసాని ధనమ్మకు కొన్నాళ్లుగా కాన్పుల కంటే చేవెళ్ల కోర్టు పనే ఎక్కువైంది. ఇరవై ఒక్క ఏండ్లు నిండనివాళ్లను చిన్న నేరాలకు జైల్లో పెట్టకుండా, మందలించి ఇంటికి పంపాలని చట్టం వచ్చింది కదా! పుట్టిన తేదీ రాసిన కాగితం ఊళ్లో ఎవరికీ లేదు. వకీలును పెట్టుకునే తాహతు అంతకన్నా లేదు. ఆ రెండు లోట్లూ ధనమ్మ నోరే తీర్చేది. వక్కాకు దవడకు నొక్కుకుని, బైబిలు మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, జర చెవులు మూసుకో" అని లోలోపల గొణిగి, "ఈ చేతులతోనే పురుడు పోసిన సారూ, ఇరవై నిండలే" అని గట్టిగా చెప్పేది. తెలంగాణ కావాలని రోడ్డు మీద బైఠాయించి పట్టుబడ్డ పిల్లలంతా ఆ మాట మీదనే ఇండ్లకు చేరారు.

ఒకరోజు బోనులో పిల్లల పక్కన, వాళ్లతోపాటే పట్టుబడ్డ వాళ్ల పంతులు దయానందం కూడా నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. జైలు పడితే నౌకరి పోతుంది. ధనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది, వక్కాకు ఇంకో దవడకు మార్చింది.

"ఇరవై నిండలే సారూ."

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమమ్మా, ఆ బట్టతల నీకు కనపడ్తలేదా?"

"ఎందుకు కనపడది సారూ," అంది ధనమ్మ. "పుట్టిననాడు గూడ గిట్లనే ఉండె."