అటక కింద పీట

నరసన్నపేటలో మా ఇంట్లో అటక కట్టిస్తున్నాం. రంపం కింద రాలుతున్న పొట్టు వాసనకి, చిన్నప్పుడు నాన్న మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చిన రోజు గుర్తొచ్చింది.

అప్పట్లో మా పాత అటక చెదపట్టి ఒరిగిపోతే, వడ్రంగి తాత కొత్త దూలాలు వేసి పలకలు పరిచాడు. పని అవగానే మావయ్య నిచ్చెన మీంచి ధాన్యం బస్తాలు అందిస్తుంటే, నాన్న పైన సర్దడం మొదలెట్టాడు. తాత మాత్రం సరిగ్గా అటక కిందే పీట వేసుకుని కూర్చున్నాడు. పని బాగా చెయ్యలేదని నాన్నే ఆయనకి శిక్ష వేశాడనుకున్నాను. బస్తా పడ్డప్పుడల్లా దూలం కిర్రుమనేది, తాత తలపాగా మీద పొట్టు రాలేది. చంటి తమ్ముణ్ణి ఎత్తుకున్న అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఒకసారి దూలం గట్టిగా మూలిగింది. ఇక ఉండబట్టలేక అరిచాను.

“నాన్నా, తాతనొగ్గేయ్! సచ్చిపోతాడు!”

నాన్న పైనే బిగుసుకుపోయాడు. తాత తలెత్తి, “నువ్ కానీ బాబూ,” అని, నావైపు తిరిగాడు.

“నన్నెవులూ కూకోబెట్టలేదమ్మా. నానే కూకున్నాను. రేపు మీ తమ్ముడికి ఉయ్యాల కట్టేది ఈ దూలానికే కాదేటి?”

చివరి బస్తా ఎక్కాక గానీ ఆయన పీట మీంచి లేవలేదు.

ఇవాళ మా అటక పూర్తయింది. సామాను పైకెక్కిస్తామన్నాడు మేస్త్రి. నెలల వయసున్న మా పాపని పక్కగదిలో అమ్మ ఒళ్లో పెట్టి వచ్చి, పీట వేసుకుని అటక కింద కూర్చున్నాను. ఉయ్యాల ఇంకా కట్టలేదు.