షిరల్గా ఎవరిని అడగాలి

ఒమూర్జాక్‌ను ఊళ్ళో ఎవరూ ఉత్త ఒమూర్జాక్ అని పిలవరు. ఒమూర్జాక్ మెర్గెన్ అంటారు. మెర్గెన్ అంటే గురి తప్పనివాడని పట్నం వాళ్ళు చెప్పుకుంటారు గానీ, కొండల నడుమ ఉన్న అట్‌బాషీ లోయలో ఆ మాట అంత చవగ్గా దొరకదు. గురి కుదిరినవాడు ఇక్కడ ఇంటికొకడున్నాడు. మెర్గెన్ మాత్రం ఊరికొక్కడే, అదీ ఊరు నోరారా పిలిస్తేనే. తనకు తానే తగిలించుకుందామని చూసినవాణ్ణి జనం బతికినంత కాలం ఏడిపిస్తారు.

అలాంటి మెర్గెన్ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట్లో చలికని అనుకున్నాడు. ఎండాకాలంలోనూ వణికేసరికి ఇక ఏమీ అనుకోలేదు, దాచిపెట్టాడు. పెళ్ళిళ్ళకు వెళితే టీ ముట్టడు, కడుపు బాగాలేదంటాడు. ఎవరైనా చెయ్యి కలిపితే రెండు చేతులతో పట్టుకుంటాడు, పెద్దాయన మర్యాద చూడండని మురిసిపోతారు. వేటకు వెళ్ళి ఉత్త చేతులతో దిగి, “ఈ ఏడు కొట్టదగ్గ కొండమేకపోతు కనబడలేదు” అంటాడు. అది విని జనం, ఎంత నియమం, ఎంత నియమం అని ఇంకో మెట్టు పైన కూర్చోబెట్టారు. చెప్పిన అబద్ధానికి గౌరవం పెరుగుతూ ఉంటే మనిషికి ముద్ద ఎలా దిగుతుంది? అసలు సంగతి తెలిసింది ఆయన భార్య బురుల్ ఒక్కదానికే. ఆయన చొక్కా గుండీలు పెట్టేది ఆవిడే కదా.

ఆ శరత్కాలంలో సైరకాన్ అప మంచం పట్టింది. అప అంటే పెద్దతల్లి. ఊళ్ళో ఆవిడకంటే పెద్దవాళ్ళు లేరు గనుక అందరికీ ఆవిడ అపే. వేసవి నుంచి గిన్నెడు మజ్జిగ మీద బతుకుతోంది. కోడలు ఏం వండి పెట్టినా మొహం తిప్పుకునేది. చివరికి ఒకరోజు తనే నోరు తెరిచి అడిగింది.

“కొండపోతు కాలేయం కొంచెం, కాస్త చారు ఉంటే తాగుతానే.”

“అట్‌బాషీ బజార్లో తెప్పిస్తాలే అపా” అంది కోడలు.

“బజారు కూడు నాకెందుకే? ఒమూర్జాక్ తేవాలి. నేను షిరల్గా అడిగి పుచ్చుకోవాలి. అంతే.”

వేట నుంచి దిగొచ్చే మనిషికి ఎదురుపడి ‘షిరల్గా’ అంటే చాలు, వేటగాడు తన చేత్తో ఒక ముక్క కోసి ఇవ్వాల్సిందే. లేదనే హక్కు ఇచ్చేవాడికి లేదు, వద్దనే హక్కు పుచ్చుకునేవాడికీ లేదు. ఊరు ఊరంతా దీన్ని ఎరుగును. అయినా ఒక్కసారి ఒకరు వద్దన్నారు. వద్దన్నది ఈ సైరకానే, వద్దనిపించుకున్నది ఈ ఒమూర్జాకే.

అప్పటికి ఆయనకు మీసం సరిగ్గా రాలేదు. గుర్రం మీద ఆడ కొండమేకను వేసుకుని, నలుగురికీ కనబడాలని పనిగట్టుకుని పాలడిపో ముందు నుంచి వచ్చాడు. అందరూ షిరల్గా, షిరల్గా అంటూ మూగారు. సర్కారు వ్యవసాయ క్షేత్రంలో పాలు పితికే సైరకాన్ బకెట్టు కింద పెట్టి మేక పొదుగు మీద చెయ్యేసి చూసింది. పాలు ఇంకా కారుతున్నాయి.

“దీని పిల్ల ఏ బండ చాటునుందో అక్కడికెళ్ళి ఇచ్చుకో నీ షిరల్గా” అని బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తలకొట్టేసినట్టయింది కుర్రాడికి. మళ్ళీ కొండెక్కి పిల్ల కోసం వెతికాడు. దొరకలేదు. ఆ తర్వాత జన్మలో ఎన్నడూ, పక్కన ఏముందో వెనక ఏముందో చూసుకోకుండా గుండు వదల్లేదు. ఎంత దూరం పాకాలంటే అంత దూరం పాకేవాడు, పోతు గడ్డం గాలికి ఊగడం కంటికి కనబడేదాకా.

ఏళ్ళు గడిచాక సర్కారు క్షేత్రం మూతపడింది. జీతాల్లేవు, పిండి లేదు. ఆ చలికాలం ఒమూర్జాక్ కొండ దిగిన ప్రతిసారీ దారి పొడుగునా షిరల్గాలే. ఇంటికి చేరేసరికి కొమ్ములూ తోలూ మిగిలేవి, బురుల్ బొమికలు ఉడకేసుకునేది, ఒక్క మాట అనేది కాదు. అలాంటి ఒక రోజు సైరకాన్ దారిలో నిలబడి, ముక్క అందుకుని, “చల్లగా ఉండు, మెర్గెన్” అంది. అంతకు ముందు ఆ మాట ఎవరూ అనలేదు. ఆ తర్వాత అనని వాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ మనిషే అడుగుతోంది. ఈ చెయ్యేమో టీ గిన్నె మోయలేకపోతోంది.

బురుల్ మొగుడికి చెప్పకుండా అల్లుడు ఎర్మెక్ చెవిన వేసింది. ఎర్మెక్ విదేశీ వేటగాళ్ళ విడిదిలో బండి తోలుతాడు, వంట చేస్తాడు, ఆ రెండిటికంటే ఎక్కువగా మాట్లాడతాడు. రెండో రోజుకల్లా ఒక పొడుగాటి పెట్టె మోసుకుని ఊడిపడ్డాడు. అందులో కంప్యూటర్ తుపాకి. విడిది యజమాని కాళ్ళావేళ్ళా పడి తెచ్చాడట. ఊళ్ళో కుర్రకారు దానికి అప్పటికే ఇనుప మెర్గెన్ అని పేరు పెట్టేశారు.

“దీనికి చెయ్యి వణికినా పర్లేదు మావయ్యా. ఈ మీట నొక్కితే పోతు మీద ఎర్ర చుక్క పడుతుంది. అది నడిచినా చుక్క దాన్ని వదలదు. తర్వాత నువ్వు ట్రిగ్గర్ నొక్కి పట్టుకో. అప్పుడే పేలదు. గురి వెళ్ళి చుక్క మీద కూర్చున్నప్పుడు అదే పేల్చుకుంటుంది.”

ఒమూర్జాక్ భార్య వంక చూశాడు. “చెప్పేశావన్నమాట.”

“చెప్పాను ముసలాయనా. గుండీలు పెట్టగలను గానీ పోతును కొట్టలేనుగా.”

“అయితే ఇందులో నేను చేసేదేంట్రా?”

“నొక్కడమే మావయ్యా.”

“డోర్ బెల్ నొక్కడానికి మెర్గెన్ ఎందుకు? నువ్వే నొక్కు.”

“నేను నొక్కితే అప తినదుగా” అన్నాడు ఎర్మెక్. ఆ కుర్రాడి నోట్లోంచి అప్పుడప్పుడు అలాంటి మాటలూ వస్తాయి.

ఊరి వేటగాళ్ళ సంఘానికి ఒక పోతుకు లైసెన్సు మిగిలి ఉంది. తెల్లవారుతుండగా మామా అల్లుడూ గుర్రాలెక్కారు. పొద్దు పైకి రాకముందే ఎదుటి కొండ నడుమ మేకలు కనబడ్డాయి. మామూలుగా అయితే అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా పాకాలి. ఎర్మెక్ అక్కడే తుపాకిని దాని ఇనుప కాళ్ళ మీద నిలబెట్టాడు.

“గాలెంతుంటుంది మావయ్యా? అది మనమే చెప్పాలి దీనికి.”

“అన్నీ తెలిసిన మహాతల్లికి గాలి తెలీదా?” అని నవ్వాడు ఒమూర్జాక్. ఎర్రగడ్డి వంగిన తీరు చూసి చెప్పాడు. బోర్లా పడుకున్నాక ఆ నవ్వు పోయింది. “ఇంత దూరం నుంచా? మన వాసన దానికి అందదు, చప్పుడు అందదు. దానికి తప్పించుకునే వంతు దక్కొద్దూ? ఇది వేటెలా అవుతుందిరా?”

ఎర్మెక్ గొంతు తగ్గించాడు. “దగ్గరికే వెళదాం. నీ పాత తుపాకితోనే కొట్టు. చెయ్యి వణికి, కడుపులో తగిలి, కుంటుకుంటూ పోయి ఏ గుహలోనో వారం రోజులు చస్తే? అప్పుడు దాని వంతు దానికి దక్కినట్టేనా?”

ఒమూర్జాక్ ఈ మూడేళ్ళూ పాత తుపాకి పేల్చకపోవడానికి కారణం అదే. ‘కాయ్‌బెరెన్ తల్లీ, నీ మందలోంచి ఒకటి అడుగుతున్నాను, మనసారా ఇయ్యి’ అని కొండమేకలను కాచే తల్లికి లోలోపలే మొక్కుకుని, తుపాకి మీది తెరలోకి చూశాడు.

చూసి ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాడు. అంత దూరం నుంచి పోతు గడ్డం కనబడింది. గాలికి ఊగుతోంది. మసకేసిన కళ్ళకు ఎన్నాళ్ళకు దొరికింది ఆ చూపు. ఎర్ర చుక్క పెట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నాడు. గురి ఈగలాగా పోతు చుట్టూ తిరుగుతోంది, తుపాకి ఓపిగ్గా ఆగి ఉంది. సరిగ్గా అప్పుడు బండ చాటు నుంచి ఒక ఆడమేక వచ్చి పోతు వెనక నిలబడింది. దాని పొట్టకింద నాలుగు సన్నటి కాళ్ళు. గుండు పోతును దాటితే ఆగేది అక్కడే.

ఒమూర్జాక్ వేలు తీసేశాడు.

“అయ్యో, ఏమైంది మావయ్యా? చుక్క పోతు మీదే ఉందిగా. కొట్టొచ్చు అంటోంది.”

“దాన్ని అననీ.”

తల్లీ పిల్లా తీరిగ్గా మేసుకుంటూ పక్కకు వెళ్ళేదాకా ఆయన కదల్లేదు. తర్వాత మళ్ళీ నొక్కి పట్టాడు. తుపాకి తనకు కుదిరినప్పుడు పేలింది. పోతు నిలబడిన చోటే కూలింది, కాలు కూడా విదల్చలేదు. అక్కడికి చేరి, బిస్మిల్లా అని కోసి, చేతులు కడుక్కుని, ఒమూర్జాక్ ఆ తుపాకి మెడ మీద గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు.

“ఇన్నేళ్ళూ వేలు నొక్కిందంటే అయిపోయేది, వెనక్కి తీసుకోవడం లేదు. ఇది నాకు కాసింత సందిచ్చింది ఎర్మెక్. ఆ రోజు ఇలాంటిది నా చేతిలో ఉంటేనా...” అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. ఏ రోజు సంగతో ఎర్మెక్‌కు తెలియదు, అడగనూ లేదు. మాంసం మూట కట్టాడు.

ఊరి మొదట్లోనే జనం. వాళ్ళ ముందు సైరకాన్ అప. నడవలేదు గనుక కోడలు పేడ మోసే తోపుడు బండిలో దుప్పట్లు పరిచి, అందులో కూర్చోబెట్టి తీసుకొచ్చింది. ఒళ్ళో చెక్కగిన్నె.

“షిరల్గా, మెర్గెన్” అని గిన్నె ఎత్తి పట్టింది.

ఒమూర్జాక్ గుర్రం దిగాడు. కత్తి తియ్యలేదు. ఇదొక్కటీ దాటేస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు, ముసలమ్మ చల్లగా తిని పడుకుంటుంది. అది ఆయనకు తెలుసు. అయినా కుడిచెయ్యి చాచి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. అది ఎప్పటిలాగే వణికింది.

“మెర్గెన్ అనకు అపా. నా చెయ్యి పోయి మూడేళ్ళయింది. కొట్టదగ్గ పోతు లేదన్నదంతా అబద్ధం. దీన్ని కొట్టింది నేను కాదు, ఆ తుపాకి. షిరల్గా అడగాలంటే దాన్నడుగు.”

అప గిన్నె దించలేదు.

“ఏరా ఎర్మెక్, ఉదయమంతా కొండ మీదేం చేశారు? వాగుతావుగా, వాగు.”

ఎర్మెక్ మొత్తం చెప్పాడు. మామయ్య మొదటిసారి నొక్కి వదిలేసిన సంగతీ, ఆడమేక సంగతీ, పిల్ల సంగతీ చెప్పాడు.

“పిల్లుందని తుపాకి చెప్పిందా?”

“లేదపా. అది కొట్టమనే అంది.”

“మరి ఆగింది ఎవడు?”

ఎర్మెక్ మామ వైపు చూశాడు. అప కూడా అటే తిరిగింది.

“చూడు నాయనా, కొట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఇప్పుడు ఇనపముక్క కూడా కొడుతోందంటున్నారు, మంచిదే, కొట్టనీ. నేను నిన్ను మెర్గెన్ అన్నది కొట్టావని కాదు. ఆనాటి మేకపిల్ల కోసం మళ్ళీ కొండెక్కావని ఆ రోజే నాకు తెలుసు. పిలవడానికి నాకే పొగరు అడ్డమొచ్చి అన్నేళ్ళు పట్టింది. ఆగినవాణ్ణి అడుగుతున్నాను. షిరల్గా.”

ఒమూర్జాక్ కత్తి తీశాడు. ఎర్మెక్ సాయానికి చెయ్యి చాపబోతే బురుల్ వాడి మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది.

“తొడ కోయకు” అంది అప. “పళ్ళెక్కడున్నాయి నాకు? కాలేయం కొయ్యి.”

ఊరంతా చూస్తుండగా, దాచకుండా, ఆయన వణికే చేత్తో కోశాడు. ముక్క వంకరగా తెగింది, ఉండాల్సినదానికంటే పెద్దది వచ్చింది. కత్తి అటు ఊగితే అప గిన్నె అటు జరిపింది, ఇటు ఊగితే ఇటు జరిపింది. కాలేయం గిన్నెలో పడేదాకా తొందరపెట్టకుండా పట్టుకునే ఉంది.