తప్పు నొక్కి చూసే టీచరమ్మ

గరాచర్మ నుంచి టౌనుకి వచ్చే బస్సులో మొన్న నా వెనక సీట్లోంచి చప్పట్లు వినిపించాయి. పిల్లలందరూ ఒక్కసారి కొట్టినట్టుండే చప్పట్లు, వెంటనే ఒక గంట మోత, ఆ వెంటనే ఎవరో ఆడగొంతుతో "వెరీ గుడ్!" అనడం. తిరిగి చూడకుండానే తెలిసిపోయింది. ఏ తల్లో బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చింది, బిడ్డ ఏదో నొక్కుతోంది. వాన నీళ్ళు కారుతున్న కిటికీ పక్కన కూర్చుని ఆ చప్పట్లు వింటుంటే, బతు బస్తీలో మా పక్కింట్లో ఉండిన కరుణ టీచర్ మాట చెవిలో పడినట్టయింది: "ఎవరికి తమ్ముడూ ఈ చప్పట్లు? ఎందుకంట?"

కరుణ టీచర్‌ని మీలో ఎవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, నవ్వితే భుజాలు కదిలేవి. నర్సరీ పిల్లలకు చదువు చెప్పి రిటైరైంది. ఆదివారం తెలుగు చర్చిలో చిన్నపిల్లల క్లాసు ఆమెదే. మిగతా రోజుల్లో పనికెళ్ళే తల్లులు పిల్లల్ని ఆమె వరండాలో దింపి వెళ్ళేవారు. మేము శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకి వచ్చిన చేపలవాళ్ళం. ఆమెవాళ్ళు గోదావరి వైపు క్రైస్తవులు. అయినా నేను ఆమెకు తమ్ముణ్ణి, ఆమె నాకు దీదీ. ఇప్పుడు డిగ్లీపూర్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది.

నేను బడిలో లెక్కలు నేర్చుకున్నది తక్కువ. జెట్టీ దగ్గర తూకాలు చూస్తూ నాకు నేనే పట్టుకున్నాను. ఎన్నాళ్ళ వేటకి ఎంత ఐసు, ఎంత డీజిల్ కావాలో బోటువాళ్ళు ఇప్పటికీ నన్నే అడుగుతారు, నోటిలెక్కన చెబుతాను. అందుకే అంకె అంటే నాకు గురి. లేక లేక పుట్టిన మా లాస్యకు నాలుగేళ్ళు నిండాక, ఫోన్లో లెక్కలు నేర్పే యాప్ వెతికినప్పుడు కూడా అంకెలనే నమ్మాను. దేనికి ఎన్ని స్టార్లు ఇచ్చారు, ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, అన్నీ పోల్చి అన్నిటికన్నా పైనున్నదాన్ని ఎంచాను. నెల తిరక్కుండా లాస్య నలభయ్యో లెవెల్‌కి వెళ్ళిపోయింది. జెట్టీలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఆ ఊపులోనే ఎల్‌కేజీలో చేర్చడానికి తీసుకెళ్ళాం. బళ్ళో మేడమ్ బల్ల మీద రంగు గుండీలు పోసి, "బేటా, ముఝే పాంచ్ దో" అంది. లాస్య ఒక గుండీ మీద వేలు పెట్టి మేడమ్ మొహంలోకి చూసింది. ఇంకో గుండీ మీద పెట్టి మళ్ళీ చూసింది. ఆ వేలు బల్లంతా తిరిగింది గాని ఐదు గుండీలు తీసి ఇవ్వలేదు. నేను తెలుగులో అడిగినా అంతే. మేడమ్ మెత్తగానే, పిల్లని ఒకసారి డాక్టర్‌కి చూపించమని, వచ్చే నెల మళ్ళీ తీసుకురమ్మని చెప్పింది.

బయటికొచ్చాక నా భార్య నూకాలు పిల్లని ఎత్తుకుని, నా వైపు చూడకుండా అడిగింది. "పిల్లకి బుర్రలో ఏటైనా లోపమేటయ్యా?"

ఏది అడిగినా అంకె చెప్పే నేను, వంగి పిల్ల చెప్పు సరిచేశాను.

సాయంత్రం కరుణ టీచర్ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాం. లాస్యను ముందుకు తోశాను, ఏదైనా అడిగి చూస్తుందని.

"పిల్లని ఆడుకోనీ. ముందు ఫోన్ ఇలా ఇవ్వు," అంది.

చాప మీద కూర్చుని కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అద్దాలు లేకపోతే ఆమెకు ఎదురుగా ఉన్న మనిషే ఆనడు. బొటనవేలితో ఎక్కడ పడితే అక్కడ నొక్కడం మొదలుపెట్టింది. తప్పు నొక్కితే ఫోన్ ఊరుకుంది. ఇంకోచోట నొక్కింది. చప్పట్లు, గంట, వెరీ గుడ్.

"అరే వాహ్! పాసయ్యానా?"

"అయ్యావు దీదీ."

"ఏం అడిగిందేంటి?"

"చేపలెన్ని ఉన్నాయని."

"నాకు చేపలే కనబడలేదు తమ్ముడూ!"

అంత దిగులులోనూ నూకాలు ఫక్కున నవ్వింది. నా బుర్రలో మాత్రం లెక్క మొదలైంది. ప్రతి ప్రశ్నకీ మూడే గడులు. తప్పు నొక్కితే పోయేదేమీ లేదు. మూడో నొక్కుకి జవాబు రాక తప్పదు. అలా ఎన్ని లెవెళ్ళయినా ఎక్కేయొచ్చు, ఒకటి రెండు రానక్కర్లేదు. స్టార్లు లెక్కపెట్టాను గాని, ఈ చిన్న లెక్క నాకు తట్టలేదు.

"మరి బళ్ళో ఎందుకలా చేసింది?" అన్నాను.

"అక్కడా ఇదే చేసింది కదా. వేలు పెట్టింది, చప్పట్ల కోసం మేడమ్ మొహం చూసింది. రాలేదు. ఇంకోటి నొక్కింది. నేర్పింది నేర్పినట్టు చేసింది పిల్ల! బుర్ర లేనిదైతే ఇంత పక్కాగా పట్టుకుంటుందా, బోల్?"

నూకాలు కొంగుతో మొహం తుడుచుకుంది. కరుణ టీచర్ అద్దాలు పెట్టుకుని, "డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్ళండి. చెవులూ కళ్ళూ అన్నీ చూపించండి. నా మాట పట్టుకుని మానేయొద్దు," అంది. వెళ్ళాం. అన్నీ బాగున్నాయన్నారు. సగం బరువు అక్కడ దిగింది. మిగతా సగం ఆ గుండీల బల్ల దగ్గరే ఉండిపోయింది.

తర్వాతి రోజుల్లో ఆమె వరండాలో కూర్చుని కొత్త యాప్ వెతికాం. ప్రతిదానికీ ముందు నెట్ ఆపేసేది. "షిప్పు ఎక్కేశాం, సముద్రం మధ్యలో నెట్ లేదు అనుకో," అనేది. కొన్ని తెరుచుకునేవే కావు. "మెయిన్‌లాండ్‌తో మాట్లాడకపోతే ప్రాణం నిలవదేమో దీనికి," అని తీసేసేది. ఒకటి బొమ్మ గీయించే ముందు కెమెరా, మా ఫోన్లో ఉన్న నంబర్లు అన్నీ చూడనిమ్మంది. "సున్నా చుట్టడానికి నీ బావమరిది నంబర్ ఎందుకయ్యా?" ఇంకొకటి ఆపబోతే అందులోని పిల్లిపిల్ల బొమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. నాకు ముద్దొచ్చింది. ఆమెకు ఒళ్ళు మండింది. "ఇంటికెళ్తానంటే ఏడ్చే టీచర్ దగ్గరికి పంపుతావా పిల్లని?"

చివరికి ఒకటి మిగిలింది. చేపల్ని ఒక్కొక్కటిగా బుట్టలోకి లాగాలి. లాగిన కొద్దీ అంకె పలుకుతుంది. తప్పితే చేపలన్నీ మళ్ళీ బయటికొస్తాయి, మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. ప్రకటనలు లేవు, గంటలు లేవు.

"చప్పగా ఉంది దీదీ," అన్నాను.

"నీకు. ఆడేది నువ్వా?"

ఎవరో ఒకరు పక్కన ఉండగానే ఆడించమంది. కాసేపయ్యాక ఫోన్ తీసుకుని, చేతికి చెంచాలో చింతగింజలో ఇవ్వమంది. లేచి వస్తుంటే నన్ను ఆపి ఇంకో మాట చెప్పింది. "నువ్వు దానికి ఎదురుగా కూర్చోకు తమ్ముడూ. నీ మొహం కూడా చప్పట్లు కొడుతుంది."

నిజమే. జవాబు దగ్గరికి పిల్ల వేలు రాగానే నా కనుబొమలు లేస్తాయని నూకాలు కూడా చెప్పింది. అప్పటినుంచి లాస్య వెనక కూర్చునేవాణ్ణి. మొదట్లో మెడ తిప్పి తిప్పి నన్ను వెతికేది. రానురాను మానేసింది.

నెల తర్వాత మళ్ళీ బళ్ళోకి వెళ్ళాం. వెనక కుర్చీలో కూర్చున్నాను. మేడమ్ డబ్బాలోంచి గుండీలు పోసి ఎనిమిది ఇమ్మంది. లాస్య ఒక్కొక్కటే పక్కకి జరిపింది. పెదవులు కదులుతున్నాయి. బల్ల మీదవన్నీ జరిపేసి ఆగిపోయింది. నూకాలు వేళ్ళు నా మోచెయ్యి మీద బిగుసుకున్నాయి. పిల్ల మేడమ్ వైపు చూడలేదు. మళ్ళీ మొదటినుంచి జరిపింది. అప్పుడు తలెత్తి అంది.

"మేడమ్, ఏక్ కమ్ హై."

మేడమ్ లెక్కపెట్టుకుని, ఏడే ఉండటం చూసి పకపకా నవ్వింది. "అరే, సచ్ మే!" అంటూ సొరుగులోంచి ఇంకో గుండీ తీసి ఇచ్చింది. లాస్య దాన్ని చివర పెట్టి, "ఆఠ్" అంది. నూకాలు నా చెయ్యి వదిలింది.

ఇంటికొస్తూనే కరుణ టీచర్‌కి చెప్పాం. ఎవరి బిడ్డకో అన్నం పెడుతోంది. ఒకటే అడిగింది.

"మధ్యలో మొహం చూసిందా?"

"చూడలేదు దీదీ."

"బస్," అని ఇంకో ముద్ద కలిపింది.

లాస్య ఇప్పుడు రెండో క్లాసు. మా బస్తీలో చిన్నపిల్లలున్నవాళ్ళు ఏ యాప్ మంచిదని నన్ను అడుగుతుంటారు. స్టార్లు చూడను. అన్నీ తప్పులు నొక్కి చూస్తాను, అదేం చేస్తుందో అని. అయితే ఆమె దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు కష్టమైనది అది కాదు. నిన్న సాయంత్రం లాస్య తీసివేత లెక్క మధ్యలో పెన్సిల్ ఆపి కూర్చుంది. చాలాసేపు కదల్లేదు. పొయ్యి దగ్గర్నుంచి నూకాలు, "ఎంతసేపట్నుంచి అలా కూకుందో, సెప్పొచ్చు కదేటి?" అంది. జవాబు నా నాలుక చివరే ఉంది.

"ఉండవే, దాని పని అది చేసుకుంటోంది," అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బయట వాన పడుతోంది. వెనక ఇంకా చప్పుడు లేదు. నాకేమీ కంగారుగా అనిపించలేదు.