వేలు లేవని చోట

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే సన్నగా కూస్తుంది. ఆ కూత చెవిన పడగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే లేస్తుంది. నా భార్య నవ్వుతుంది. ఆ క్షణంలో నేను ఇంట్లో ఉండను. తొంభైల చివర్లో, చందాపుర దగ్గరి ఫ్యాక్టరీలో, వినికిడి పరీక్షలు చేసే గదిలో ఉంటాను. లోపల బావిలోకి దిగినంత నిశ్శబ్దం. అద్దానికి అవతలి చిన్న గదిలో మా ఫ్యాక్టరీ డాక్టరు శారదమ్మగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు.

రోజూ మొదటి పరీక్ష ఆవిడకే. నేను యంత్రంలోంచి పంపే శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తాలి, దాన్నిబట్టి నేను కాగితం మీద చుక్క పెట్టాలి. తన చెవుల సంగతి తనకు తెలుసు కాబట్టి, తేడా వస్తే ముందు యంత్రాన్ని అనుమానించేవారు. "దీన్ని సరిచూసుకోకుండా వాళ్ల చెవులు చూసేది న్యాయమా అప్పా?" అనేవారు. కొత్తగా చేరిన టెక్నీషియన్ని, నాకదంతా చాదస్తంగా తోచేది.

ఒక ఏడు వార్షిక పరీక్షలప్పుడు వరస పెద్దదైంది. రేకులు వంచే పెద్ద ప్రెస్సు మీద పనిచేసే మునియప్ప తొందరపెట్టాడు. "నాకు బాగానే ఇనబడతా ఉండాది. పోయినేడు మాదిరే రాసేయప్పా."

పరీక్ష చేయకుండానే రాసేశాను. సాయంత్రం శారదమ్మగారు రెండేళ్ల కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ప్రతి చుక్కా ఒకే చోట ఉంది.

"చెవి ఏమన్నా గోడమీది బొమ్మా అప్పా, ఏడాదైనా మారకుండా ఉండేదానికి?" అన్నారు. గొంతు పెంచలేదు.

మర్నాడు షిఫ్టుకు ముందే, యంత్రాల హోరు సోకకముందే, మునియప్పను కూర్చోబెట్టించారు. బొంగురు శబ్దాలకు వేలెత్తాడు. సన్నని శబ్దాలు మొదలయ్యాక వేలు కదల్లేదు. నేను పంపుతూనే ఉన్నాను. అతను అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఏమప్పా, ఆపేసినావా?"

శారదమ్మగారు మేనేజరుతో పోట్లాడి అతన్ని స్టోర్సుకు మార్పించారు. పోయిన వినికిడి తిరిగి రాలేదు. ఆవిడ చూడకపోయి ఉంటే, నా చుక్కల పుణ్యమా అని ఇంకో ఏడాది ఆ హోరులోనే ఉండేవాడు.

కొన్నేళ్లకు, ఆవిడ రిటైరవబోయే ముందు, కిటికీలకు మంచు పట్టిన ఒక పొద్దున అన్నిటికంటే సన్నని శబ్దం పంపాను. ఆవిడ కళ్లు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నారు. వేలు లేవలేదు. మళ్లీ పంపాను. నేనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. యంత్రం బాగానే ఉంది. నిన్నటి చుక్కే పెట్టేయాలని చెయ్యి లాగింది. పెట్టలేదు.

ఆవిడ బయటికొచ్చి ఆ కాగితాన్ని నిన్నటిదాని పక్కన పెట్టి చూశారు. "సరిగా రాసినావు. రేపటినుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చో అప్పా."

నేను రిటైరయ్యేదాకా కూర్చున్నాను. వినిపించని శబ్దానికి ఒక్కనాడూ వేలెత్తలేదు.