మంచులో వనభోజనం

మా వంటింటి పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. మొన్న, ఇప్పుడు మేముంటున్న ప్లేనోలో ఇండియన్ షాపు నుంచి తెచ్చిన సరుకులు సర్దుతూ దాని మూత తీస్తే, ఇన్నేళ్ళుగా ఎంత తోమినా పోని ఇంగువ వాసన గుప్పుమంది. ఒహాయోలో మా ఇంటి వెనకున్న గోల్ఫ్ కోర్సూ, దాని గుట్టా, గుట్ట మీది మంచూ కళ్ళముందుకొచ్చాయి.

అవి డెబ్బైల చివరి రోజులు. నాన్న అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. వీధి మొత్తానికి తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. పక్కింటి కేరెన్ నా ఈడుది, నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. మంచు మీద జారే స్లెడ్ బండి మీద కూర్చుని తాడు పట్టుకుని జారడం నాకు నేర్పింది ఆ పిల్లే. మంచు పడిందంటే చాలు, పుస్తకాలు విసిరేసి, ఉన్ని టోపీలు చెవుల మీదికి లాక్కుని, గుట్టెక్కి, జారి, మళ్ళీ ఎక్కి, గ్లవ్స్ తడిసి బిగుసుకుపోయి, ముక్కులు ఎర్రబడి, చీకటిపడేదాకా ఇంటి ముఖం చూసేవాళ్ళం కాదు. పిల్లలు గడ్డి పాడుచేస్తారని గోల్ఫ్ క్లబ్బువాళ్ళు సణిగేవారు. గుట్ట కింద బంతిని గుంటలో వేసే చోట, గుండ్రంగా, నున్నగా ఉండే గ్రీన్ జోలికి ఎవరూ పోరని కేరెన్ వాళ్ళ నాన్న, ఆ క్లబ్బు సభ్యుడు, తను మాటిచ్చి మాకు ఆ గుట్ట ఇప్పించాడు. గ్రీన్ మీది గడ్డి పసిబిడ్డ జుట్టులాంటిదని, దాన్ని తొక్కకూడదని మాకు ఎన్నిసార్లు చెప్పాడో.

అమ్మ ఈ డబ్బాలో పులిహోర పెట్టి పంపితే, కేరెన్ వాళ్ళమ్మ కుకీలు పెట్టి తిప్పి పంపేది. ఒకరి గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని అమ్మ తన వచ్చీరాని ఇంగ్లీషులో ఒకసారి చెప్పిందట. ఆవిడ ఎన్నడూ మరచిపోలేదు.

ఒక ఏడు కార్తీకంలోనే మంచు పడింది. చుట్టుపక్కల ఊళ్ళ తెలుగు కుటుంబాలన్నీ వనభోజనాలకి మా ఇంటికొచ్చాయి. వనం కావాలంటే మాకు గోల్ఫ్ కోర్సే గతి. అమ్మ ఊరినుంచి తెచ్చుకున్న ఎండు ఉసిరికాయలు మేపుల్ చెట్టు మొదట్లో పెట్టి, దీపం వెలిగించి, దాన్నే ఉసిరిచెట్టు అనుకోమంది. ఓవర్‌కోట్ల కింద పట్టుచీరల అంచులు మంచులో ఈడుస్తూ ఆడవాళ్ళు చదునైన చోటు వెతికారు. పలచటి మంచు కింద ఏముందో తెలియక, సరిగ్గా గ్రీన్ మీదే దుప్పట్లు పరిచారు. సాంబారు వేడిచేయడానికి బొగ్గుల గ్రిల్ కూడా అక్కడే పెట్టారు. వచ్చిన పిల్లలు వంటింటి పళ్ళేల మీద జారి తిన్నగా అక్కడికే వచ్చి పడుతున్నారు.

గుట్ట మీద నాతో ఉన్న కేరెన్ అది చూసి, స్లెడ్ వదిలేసి కిందికి పరుగెత్తింది.

"ఆంటీ, నాట్ హియర్, ప్లీజ్," అంది, ఏడుపు గొంతుతో.

అమ్మ ఆ పిల్లకి ఆకలేస్తోందనుకుంది. "రా తల్లీ, కూర్చో, నీకే ముందు పెడతాను," అని చేతిలో ప్లేటు పెట్టింది.

వెనకే పరుగెత్తుకొచ్చి నేను తెలుగులో చెప్పేసరికి బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. అందరూ గబగబా లేచి అన్నీ పక్కకి జరిపారు, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

మంచు కరిగాక గ్రీన్ నడుమ నల్లటి మచ్చ, గుట్ట మీంచి అక్కడిదాకా గడ్డి లేచిపోయిన చారలు బయటపడ్డాయి. క్లబ్బువాళ్ళు గుట్ట చుట్టూ కంచె వేశారు. నాన్న క్షమాపణ చెప్పడానికి వెళితే, కేరెన్ వాళ్ళ నాన్న గుమ్మంలోనే నిలబెట్టి, ఫరవాలేదు డాక్టర్ అని మర్యాదగానే అన్నాడట, లోపలికి మాత్రం రమ్మనలేదు. స్కూలు బస్సు కోసం నిలబడేచోట కేరెన్ వేరే పిల్లల పక్కకి వెళ్ళిపోయింది.

అమ్మ మళ్ళీ పులిహోర చేసి వాళ్ళింటికి పంపింది. మర్నాడు డబ్బా మా గుమ్మంలో ఉంది, తళతళలాడుతూ. అమ్మ మూత తీసి చూసింది. ఏమీ లేదు.

"ఇంక పంపొద్దులేవే," అని దాన్ని పై అరలో పెట్టేసింది. ఆ వేసవిలోనే కేరెన్ వాళ్ళు ఇల్లు మారిపోయారు.

ఇప్పుడు ఆ గుట్టని చదును చేసి ఇళ్ళు కట్టారట. అమ్మ లేదు, ఆ డబ్బా నా దగ్గరికి చేరింది. ప్లేనోలో పుట్టిన నా పిల్లలకి స్లెడ్ అంటే బొమ్మల పుస్తకంలో చూడడమే. పక్కిళ్ళకి నేనూ పులిహోర పంపుతుంటాను, కానీ వాడి పారేసే ప్లాస్టిక్ డబ్బాల్లోనే. వాటిని ఎవరూ తిరిగివ్వనక్కర్లేదు, నేను మూత తీసి చూడనక్కర్లేదు.