స్టీరింగుకు వేడి చేసింది

గిద్దలూరు జీపు మెకానిక్కు లక్ష్మీనరసయ్య లెక్కలో ఈ లోకంలో ఉన్న రోగం ఒక్కటే: వేడి చేయడం. మనిషి తుమ్మినా, మేక మేత ముట్టకపోయినా, లారీ క్లచ్చు కాలినా, కరెంటు పోయినా కారణం అదే. మందు కూడా ఒక్కటే, చలవ. రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాది ఆయన షెడ్డు ముందు బెంచీ మీద రోజూ పెద్ద వాదన నడిచేది. తప్పు వాళ్ళదని కొందరు, వీళ్ళదని కొందరు. ఒకరోజు మాట చొక్కాల దాకా వచ్చేసరికి నరసయ్య జీపు కింద నుంచి తల బయట పెట్టి, "రెండు పక్కలా వేడి చేసిందప్పా. మజ్జిగ తాగండి," అని మళ్ళీ కిందికి పోయాడు. వాదన అక్కడితో ఆగింది. ఆయన మాట మీద గౌరవంతో కాదు, ఆయన మజ్జిగంటే భయంతో.

ఆ మజ్జిగ నోట్లో పోసుకుంటే చెవులు కదిలేవి. నరసయ్య భార్య సుబ్బులమ్మ కుండ నిండా చిలికి షెడ్డులో పెట్టేది. బండికి పానా పెట్టే ముందు మనిషికి గ్లాసు పెట్టడం నరసయ్య పద్ధతి. తాగందే బానెట్టు ఎత్తడు. ఆయన అటు తిరగగానే జనం గ్లాసు పట్టుకుని మెల్లగా షెడ్డు వెనక్కి పోయి, కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, మూతి తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. పుల్ల మజ్జిగంటే కరివేపాకుకు ప్రాణం. చెట్టు షెడ్డు రేకులు దాటి పెరిగింది.

ఒకసారి రాచర్ల కాశయ్య, బాడుగకు నడిపే ఆటోలో ఆయిలు పోయడం మరిచి ఇంజను బిగదీసుకుపోయేదాకా తోలాడు. ఆటో ఓనరు పక్కనే నిలబడి పళ్ళు నూరుతున్నాడు.

"వీడు ఆయిలు పోసినాడా లేదా, అది చెప్పు నరసయ్యా."

"ఇంజనుకు వేడి చేసింది."

"అదే, ఎందుకు చేసిందంట?"

"ఎండలట్ల ఉండాయి మరి."

"ఇది మార్గశిరం."

"నువ్వు ముందు మజ్జిగ తాగు."

ఓనరు చెట్టు దగ్గరికి పోయి వచ్చేసరికి కోపం సగం దిగింది. కాశయ్య పని పోలేదు.

ఇట్లాంటి మనిషి దగ్గరికి కరుణాకరం లాంటి కుర్రాడు వచ్చిపడ్డాడు. కరుణాకరానికి కూర్చుంటే కాళ్ళు ఆగవు, నిలబడితే నోరు ఆగదు. మార్కాపురంలో చదువుతున్న ఇంజనీరింగును నడిమధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు. ఎందుకు మానేశావని ఊరంతా అడిగేది. "నచ్చలా," అని మొహం మీదే చెప్పేవాడు. ఊరికి అది చాలేది కాదు. షెడ్డులో ఎవరో మళ్ళీ ఎత్తినప్పుడు నరసయ్యే జవాబిచ్చాడు: "పుస్తకాలు వేడి చేసినయ్‌లే." అందరూ ఘొల్లున నవ్వారు. తర్వాత ఎవరూ అడగలేదు. ముసలోడు తనను ఆట పట్టించాడనే కరుణాకరం అనుకున్నాడు.

కరుణాకరం నాయన యోసేపుకు ఒక పాత జీపుంది. దాని స్టీరింగు తిప్పడమంటే తిరగలి తిప్పడమే. రాచర్ల నుంచి అడవి అంచు పల్లెలకు జనాన్ని దించేవాడు, శనివారం అడవిలోని గుడికి, ఆదివారం చర్చికి. ఇంటి పైకప్పు సర్దుతూ జారి పడ్డాక కుడి భుజం లేవడం మానేసింది. దువ్వెన తలదాకా పోదు. తాళం కొడుకు చేతిలో పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. మొదట్లో రెండు వీధుల అవతల నుంచి జీపు చప్పుడు విని, "రెండో గేరు ఎయ్యాల్సింది, మూడు ఏసినాడు ఎదవ," అని తిట్టేవాడు. రాన్రాను తిట్టడం కూడా మానేశాడు. నాయన తిట్టడం మానేసినప్పటి నుంచి కరుణాకరానికి అన్నం సయించలేదు.

"మామా, నాయన జీపుకు పవర్ స్టీరింగు పెట్టాల," అన్నాడొకరోజు వచ్చి. "ఆయనకి తెలియకూడదు."

"పుట్టినప్పటి నుంచి జీపు తోలినోడికి తెలియకుండానా?"

"పవర్ స్టీరింగంటే చేతగానోళ్ళ ఊతకర్ర అంటాడు. తెలిస్తే ముట్టుకోడు. ఏదో ఒకటి చెప్పాల."

"ఏం చెప్తావు?"

"అది నీ పని."

నరసయ్య తల గోక్కున్నాడు. "సరే. ముందు మజ్జిగ తాగు."

పాడైన బండి నుంచి ఆయిలు నెట్టే పంపు, ఆయిలు డబ్బా, స్టీరింగు బాక్సు తెచ్చి బిగించారు. షెడ్డు ముందు చిటికెన వేలితో చక్రం తిరిగింది. ఆ మురిపెం అడవి బాట ఎక్కేదాకానే. అక్కడ పది అడుగులు తిన్నగా పోయే దారి లేదు. అటూ ఇటూ తిప్పగా తిప్పగా స్టీరింగు ఆయిలు కాగిపోయి, నురగలెత్తి, డబ్బా మూతలోంచి పొంగింది. పంపు దూడ తప్పిన బర్రె మాదిరి మూలిగింది. సరిగ్గా మలుపులో స్టీరింగు బండరాయైంది. కరుణాకరం రెండు చేతులూ ఒక మోకాలూ పెట్టి తిప్పి చెట్టును తప్పించాడు. అక్కడ నాయన ఉంటే, ఆ భుజంతో? వాడి వెన్ను చల్లబడింది. ఆ పూట వేడి చేయనిది అదొక్కటే.

పక్కన కూర్చున్న నరసయ్య దిగి, పైపు మీద చెయ్యి పెట్టి చూశాడు. ఈ రోజు కోసమే పుట్టినట్టు ఆయన మొహం వెలిగింది.

"చూసినావా. స్టీరింగుకు వేడి చేసింది."

"ఈసారి నిజంగానే చేసింది మామా."

"ఎప్పుడూ నిజంగానే చేస్తాది. మీరే నమ్మరు."

ఆయిలు చల్లబరిచే కూలరు కావాలి. మరుసటి రోజే నరసయ్య పాత ఫ్రిజ్జు వెనకాల ఉండే నల్ల జాలీ మోసుకొచ్చాడు.

"ఫ్రిజ్జును మించిన చలవ లోకంలో ఏముందిరా?"

"అది గ్యాసు పోయే గొట్టం మామా, చీపురుపుల్ల పట్టదు. అందులో ఆయిలు దూరాలంటే పంపు చస్తాది."

ఆ తర్వాత లారీ రేడియేటరు దొర్లించుకొచ్చాడు. "ఇది పెడితే ఈ జన్మలో వేడి చెయ్యదు."

"ఇది పెడితే జీపు కనపడదు."

చివరికి పాత సామాను కుప్పలో ఒక కారు గేర్‌బాక్సు ఆయిలు కూలరు దొరికింది. రెండు అరచేతులంత ఉంది, గొట్టం ఆయిలు సాఫీగా పోయేంత లావుంది. నీళ్ళ బకెట్‌లో ముంచి గాలి కొడితే బుడగ రాలేదు. ఏ పైపులో కలపాలన్న దగ్గర కరుణాకరం పట్టుబట్టాడు.

"పంపు నుంచి పోయే పైపులో పెట్టకూడదు మామా. ఒత్తిడంతా అందులోనే. పగిలిపోతాది. పని అయిపోయి డబ్బాకు తిరిగొచ్చే పైపులో పెట్టాల."

"అంటే, మనిషి పనికి పోయేటప్పుడు మజ్జిగ తాగడు, పని చేసొచ్చినాక తాగుతాడు."

"అంతే."

"అట్ల చెప్పాల. ఒత్తిడి, గిత్తిడి ఎందుకు."

ఇక బిగించడమే అనుకుంటుండగా కొత్త తిప్పలొచ్చాయి. జీపును ఇంటికి తీసుకుపోయిన పూట, "స్టీరింగు ఆయిలుకు వేడి చేసింది, చలవ చెయ్యాల," అని కరుణాకరం ఫోనులో ఎవరితోనో అనడం వాళ్ళమ్మ రాహేలు విన్నది. కొడుకు నాయన కోసం ఏదో చేస్తున్నాడని ఆమెకు తెలుసు. తన వంతు సాయంగా, ఎండాకాలం మొగుడి మాడుకు పెట్టే ఆముదం తీసి స్టీరింగు ఆయిలు డబ్బాలో పోసేసింది. తెల్లారి స్టీరింగు సంకటిలో తెడ్డు మాదిరి తిరిగింది.

రాహేలు సీసా పట్టుకుని షెడ్డుకే వచ్చింది. "మీ నాయన మాడుకు పెడితే ఎంత చలవ చేస్తాదో. దానికీ చేస్తాదనుకున్నా."

"నీకు బుర్రుందా?" అని కరుణాకరం అరిచాడు. "పంపు మొత్తం—"

నరసయ్య పానా కింద పెట్టాడు. "చెల్లెమ్మా, నువ్వు పోసింది మంచికే అయ్యింది. లోపల పాత మురికి ఉండె. కడగాల్నా వద్దా అని నేనే తన్నుకుంటాండా. ఇప్పుడు కడగక తప్పదు." తర్వాత కరుణాకరం వైపు గ్లాసు చాచాడు. "నీకు వేడి చేసింది. తాగు."

రాహేలు తేలికపడి ఇంటికి పోయింది. పైపులన్నీ ఊడదీసి, మంచి ఆయిలు పోసి, వంచి, మళ్ళీ పోసి కడుగుతూ కరుణాకరం ఆలోచనలో పడ్డాడు. డబ్బాలో మురికేమీ లేదని వాడికి తెలుసు. కాశయ్య ఆయిలు పోయలేదని నరసయ్యకు అప్పుడే తెలుసు. పుస్తకాల సంగతీ తెలుసు. ఈ మామ వేడి చేసిందన్న ప్రతిచోటా నింద పడాల్సిన మనిషి ఒకడు పక్కకు తప్పుకున్నాడు. తప్పుకున్న వాళ్ళలో తను కూడా ఉన్నాడు.

కూలరును గాలి బాగా తగులుతుందని బంపరు కింద కట్టాలన్నాడు కరుణాకరం. అడవి బాటలో రాళ్ళూ రేగు ముళ్ళూ ముందు దాన్నే తింటాయన్నాడు నరసయ్య. జీపు ముందరి జాలీ వెనక, రేడియేటరు ముందు పెట్టారు. రేడియేటరుకు అతుక్కోకుండా వేలు దూరేంత సందు వదిలారు. అదురుకు చిట్లకుండా బోల్టుల కింద టైరు ముక్కలు కోసి వేశారు, ఆయిలుకు కరగని పైపు తొడిగి క్లిప్పులు బిగించారు. ముందు చక్రాలు పైకెత్తి గాలంతా పోయేదాకా స్టీరింగు అటూ ఇటూ తిప్పారు. అప్పుడు నరసయ్య యోసేపుకు కబురంపాడు. యోసేపు కాశయ్య ఆటోలో దిగాడు.

"ఏందంట నరసయ్యా?"

"స్టీరింగుకు వేడి చేసింది బావా. నీ కొడుకువి ఉడుకు చేతులు. చలవ డబ్బా పెట్టినా."

యోసేపు ఎడమ చేత్తో బానెట్టు తనే ఎత్తాడు. కూలరును చూశాడు. దాని పైపు వెంట చూపు నడిపించుకుంటూ పంపు దాకా పోయాడు.

"ఇదేంది?"

"చలవ పంపు."

"ఈ బెల్టు?"

"చలవ పంపుకు బెల్టు ఉండొద్దా?"

యోసేపు బెల్టును వేలితో నొక్కి చూశాడు. ఆ బానెట్టు కింద ఏ బోల్టు ఎప్పుడు మార్చారో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి.

"వేడి బాగానే చేసినట్టుందే," అన్నాడు యోసేపు నిదానంగా.

"మామూలుగా కాదు."

"ఎవరికి?"

"బండికి." నరసయ్య రెప్ప కొట్టలేదు.

యోసేపు బానెట్టు దించాడు. ఎడమ చెయ్యి కొడుకు వైపు చాచాడు. "తాళం ఇయ్యి."

అడవి బాటలో యోసేపు స్టీరింగు దగ్గర, కరుణాకరం పక్కన, నరసయ్య వెనక. ఆ చెట్టున్న మలుపు వచ్చింది. కరుణాకరం చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. వెనక నుంచి నరసయ్య వాడి కాలరు పట్టుకుని లాగాడు. యోసేపు ఎడమ చేత్తోనే తిప్పాడు. చక్రాలు బుద్ధిగా తిరిగాయి, పంపు మూలగలేదు, చెట్టు పక్కకు పోయింది. దారంతా పోయి వెనక్కి తిరిగాక నరసయ్య దిగి కూలరు పైపు పట్టుకుని చూశాడు. గోరువెచ్చగా ఉంది.

"గేరు రాడ్డు ఏం చేసినావురా," అని యోసేపు గొంతు లేచింది. "పులుసులో గంటె మాదిరి ఊగతాంది. బండి ఇచ్చింది తోలడానికా, చంపడానికా?"

ఆ తిట్టు చెవిన పడగానే కరుణాకరానికి ఆకలేసింది.

షెడ్డులో గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. యోసేపు ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకున్నాడు. "నేనెప్పుడన్నా ఒప్పుకున్నానా నరసయ్యా? పవర్ స్టీరింగు ఊతకర్రే. చలవ స్టీరింగు వేరు."

"వేరే బావా, పూర్తిగా వేరు."

కరుణాకరం అలవాటుగా గ్లాసు పట్టుకుని కరివేపాకు చెట్టు దగ్గరికి వచ్చేశాడు. వంచబోయి ఆగాడు. కళ్ళు మూసుకుని మొత్తం తాగాడు. చెవులు కదిలాయి.

"ఏందబ్బాయ్, ఈ పొద్దు చెట్టుకు పొయ్యలా?" అన్నది వెనక నుంచి సుబ్బులమ్మ.

"నీకు తెలుసా అత్తా?"

"ఎవురికి తెలియదు? మీ మామైతే ఇంకొంచెం పులవనియ్యి, చెట్టుకు బాగుంటాదంటాడు." నాలుగు రెబ్బలు విరిచి వాడి చేతిలో పెట్టింది. "మీ అమ్మకియ్యి. ఇన్నాళ్ళూ నువ్వు పోసిందే."

ఒక చేత ఖాళీ గ్లాసు, ఒక చేత కరివేపాకు పట్టుకుని కరుణాకరం జీపు దగ్గరికి వచ్చాడు. నరసయ్య అప్పటికే ఇంకెవరి బండి కిందో దూరాడు, కాళ్ళే కనిపిస్తున్నాయి. ఏదో చెప్పాలని వాడికి ఉంది. మొహం మీద కొట్టినట్టు మాట్లాడటమే వచ్చుగానీ ఈ రకం మాటలు వాడికి చేతకావు.

"మామా," అన్నాడు ఆ కాళ్ళతో. "నువ్వు నాయనకి చేసింది... నాకు..."

బండి కింద నుంచి తల బయటికొచ్చింది. నరసయ్య వాడి కళ్ళ వంక చూశాడు.

"ఏందిరా, కళ్ళు ఎర్రగా ఉండాయి. వేడి చేసిందా?"

"చేసింది మామా," అన్నాడు కరుణాకరం, గ్లాసు చాచి. "ఇంకొంచెం పొయ్యి."